దిగులు, అలజడి కలిసి వచ్చినప్పుడు: మిక్స్‌డ్ డిప్రెషన్‌లో ఏ మందు ఎవరికి?

డిప్రెషన్ అనగానే అందరికీ తట్టేది ఒకటే రూపం: మంచం దిగరు, అన్నం ముట్టరు, పిలిస్తే పలకరు. మిక్స్‌డ్ డిప్రెషన్ అలా ఉండదు. మనిషి ఏడుస్తూనే ఉంటారు, కానీ ఒకచోట కూర్చోరు. రాత్రి రెండింటికి వంటింటి డబ్బాలన్నీ కిందికి దించి, సగం సర్ది, అలాగే వదిలేసి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటారు. "నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అన్న నోటితోనే మరు నిమిషంలో ఇంట్లోవాళ్ల మీద అగ్గిమీద గుగ్గిలం అవుతారు. తలలో ఆలోచనలు ఆగవు. ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి, అన్నీ చేదువే. తీరా డాక్టరు ముందు కూర్చున్నాక నోట వచ్చేది "నిద్ర లేదండీ, మనసు బాగాలేదండీ" అనే రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు వింటే ఎవరైనా మామూలు డిప్రెషన్ మందే రాస్తారు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

మా మాట ముందే చెప్పేస్తాం. ఈ స్థితిలో ముందు అలజడిని దించాలి, దిగులు సంగతి ఆ తర్వాత. కింది పోలికంతా ఈ వరస మీదే నడుస్తుంది. ఇందులో ఇచ్చిన డోసులు మీ చీటీ మీకు అర్థం కావడానికి, సైకియాట్రిస్టును సరైన ప్రశ్న అడగడానికి. సొంతంగా మాత్రలు మార్చుకోవడానికి కాదు.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం పోలికలు పక్కన పెట్టండి. బాగా కుంగిపోయిన మనిషికి మామూలుగా ఏ పనీ చేసే సత్తువ ఉండదు. ఇక్కడ నిరాశతో పాటు సత్తువ ఉంది, తొందరపాటూ ఉంది. అందుకే ప్రమాదం ఎక్కువ. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం అప్పటికప్పుడే ఉందనిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా 108లో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఉంటే వేరే ఇంటికి చేర్చండి. పోలీసు కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది, శిక్షించమనదు.

## ఇది మిక్స్‌డేనా, కాదా?

ఎంపికకు ముందు తేలాల్సింది ఇదే. దీని మీద నిపుణుల్లోనే రెండు కొలబద్దలున్నాయి.

మొదటిది 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ పుస్తకం) కొలబద్ద. పూర్తి డిప్రెషన్ ఉంటూ, ఎక్కువ రోజులు ఈ ఏడింటిలో కనీసం మూడు కనిపించాలి: ఉప్పొంగే ఉత్సాహం, తనంత వారు లేరన్న భావం, ఆగని మాటలు, పరుగెత్తే ఆలోచనలు, పెరిగిన శక్తి లేదా పనుల జోరు, ముందూవెనకా చూడని ఖర్చులూ సాహసాలూ, తక్కువ నిద్రపోయినా అలసట లేకపోవడం. అంతకుముందు 1994 నాటి డీఎస్‌ఎం-4లో నిబంధన ఇంకా బిగుతు. వారం పాటు పూర్తి మేనియా (అదుపు తప్పిన హుషారు, జోరు), పూర్తి డిప్రెషన్ రెండూ ఒకేసారి ఉంటేనే మిక్స్‌డ్, అదీ బైపోలార్-1 (బైపోలార్ జబ్బులో పూర్తి మేనియా వచ్చే రకం) వారికే. 2013 తర్వాత ఎన్నడూ మేనియా రాని, యూనిపోలార్ డిప్రెషన్ ఉన్నవారికి కూడా ఈ ముద్ర వర్తిస్తోంది. ఇది పెద్ద మార్పు.

రెండోది రోమ్‌లో పనిచేసిన అథనాసియోస్ కుకోపులోస్ కొలబద్ద. ఆయన చూసింది ఉత్సాహాన్ని కాదు, లోపలి అలజడిని. లోపల తెగని ఉద్రిక్తత, కిక్కిరిసిన ఆలోచనలు, కారణం లేని కోపం, డిప్రెషన్ ఉన్నా కదలికలు మందగించకపోవడం, వాగుడు, బాధను నాటకీయంగా చెప్పుకోవడం లేదా ఉండుండి ఏడుపు, గడియకో రకంగా మారే మూడ్, పడుకున్నాక ఎంతకీ పట్టని నిద్ర. ఈ ఎనిమిదింటిలో మూడుంటే చాలు.

తేడా చిన్నదేం కాదు. డీఎస్‌ఎం-5 చిరాకునూ, నిలకడలేనితనాన్నీ, చెదిరే ధ్యాసనూ లెక్కలోంచి తీసేసింది, అవి డిప్రెషన్‌లోనూ మేనియాలోనూ రెండింటా ఉంటాయని. కానీ ఓపీలో కనిపించే మనిషిలో ఉండేవి ఆ మూడే. ఏడుస్తూ వచ్చినవారిలో "తనంత వారు లేరన్న భావం" వెతికితే దొరుకుతుందా? 2015లో వెలువడిన బ్రిడ్జ్-2-మిక్స్ అధ్యయనంలో 2,811 మంది డిప్రెషన్ రోగులను చూస్తే డీఎస్‌ఎం-5 లెక్కన 7.5 శాతం మందే మిక్స్‌డ్. చిరాకు, నిలకడలేనితనం లాంటివి కలిపిన విశాలమైన కొలబద్దతో 29.1 శాతం. అంటే మందు ఎంచుకునే విషయంలో డీఎస్‌ఎం గడి నిండలేదని నిశ్చింతగా ఉండకూడదు. మా మొగ్గు కుకోపులోస్ వైపే.

మిక్స్‌డ్ అనుకునే ముందు నాలుగు దొంగ పోలికలను తోసేయాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం (టీఎస్‌హెచ్ పరీక్షతో తేలుతుంది). తాగుడు మానిన మొదటి వారంలో వచ్చే వణుకు, నిద్రలేమి. ఆస్తమాకో, కీళ్ల నొప్పులకో వాడే స్టెరాయిడ్ మాత్రలు. నాలుగోది ఎక్కువగా తప్పిపోయేది, అకతీసియా, అంటే మందు వల్ల వచ్చే నిలకడలేనితనం. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ నుంచి సైకోసిస్ మందుల దాకా, కొన్నిసార్లు డిప్రెషన్ మాత్రలు కూడా, దీన్ని తెస్తాయి. గుర్తుపట్టడం ఇలా: మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొద్ది రోజుల్లో వస్తుంది, బాధ ఎక్కువగా కాళ్లలో ఉంటుంది, కూర్చుంటే భరించలేరు, నడిస్తే కాస్త నయం. మిక్స్‌డ్ అలజడిలో నడిచినా తల ఊరుకోదు. అకతీసియాను రోగం ముదిరిందనుకుని అదే మందు డోసు పెంచితే మంటలో నెయ్యి పోసినట్టే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ప్రమాదం. ఈ వారంలోనే తేడా రావాలా, నెల ఆగగలమా అన్నది సగం మందులను జాబితాలోంచి తీసేస్తుంది.

తర్వాత గతం. ఎప్పుడైనా నాలుగు రోజులకు మించి నిద్ర అక్కర్లేని హుషారు వచ్చిందా? తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో బైపోలార్ ఉందా? మొదటి డిప్రెషన్ పాతికేళ్లలోపే వచ్చిందా, కాన్పు తర్వాత వచ్చిందా? గతంలో డిప్రెషన్ మాత్ర వేసుకుంటే నిద్ర చెడి చిరాకు పెరిగిందా? వీటిలో రెండు మూడింటికి అవునంటే, చీటీ మీద యూనిపోలార్ అని ఉన్నా బైపోలార్‌లాగే జాగ్రత్తపడటం మంచిది.

ఒంటి సంగతి మూడోది: కిడ్నీలు, కాలేయం, షుగర్, బరువు, గర్భం ఆలోచన. నాలుగోది చాలామంది అడగని ప్రశ్న. రక్తపరీక్షకు వెళ్లగలరా? ల్యాబ్ లేని ఊళ్లో, మూడు నెలలకోసారి తప్ప పట్నం రాలేని మనిషికి లిథియం రాసి పంపడం సాహసం.

మార్గాలన్నీ ఒక్క చూపులో:

| మార్గం | అలజడి మీద | దిగులు మీద | తేడా తెలిసే కాలం | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| లురాసిడోన్ | బాగానే | బాగా | 1–3 వారాలు | అకతీసియా. భోజనంతోనే వేసుకోవాలి |
| క్వెటియాపిన్ | బాగా | బాగా | నిద్ర మొదటి రాత్రుల్లోనే, మూడ్ 1–3 వారాల్లో | మత్తు, బరువు, షుగర్ |
| ఓలాంజపిన్ | చాలా త్వరగా | ఒక మోస్తరు | కొద్ది రోజులు | అన్నిటికంటే ఎక్కువగా బరువు పెరగడం |
| కారిప్రజిన్ | ఒక మోస్తరు | బాగా | 2–3 వారాలు | అకతీసియా. ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది |
| లిథియం | నెమ్మదిగా | ఒక మోస్తరు | 1–3 వారాలు | రక్తపరీక్షలు తప్పవు |
| వాల్ప్రోయేట్ | త్వరగా | తక్కువ | కొద్ది రోజుల నుంచి 2 వారాలు | గర్భస్థ శిశువుకు హాని |
| లామోట్రిజిన్ | దాదాపు లేదు | మళ్లీ రాకుండా ఆపడంలో మేలు | 6 వారాలు దాటాక | దద్దురు |
| ఈసీటీ (మత్తులో ఇచ్చే కరెంటు చికిత్స) | చాలా బాగా | చాలా బాగా | 1–3 వారాలు | మత్తుమందు, మతిమరుపు |
| యాంటీడిప్రెసెంట్ (మామూలు డిప్రెషన్ మందు) ఒక్కటే | పెంచవచ్చు | నమ్మకం తక్కువ | వారాలు | అలజడి, మేనియా వైపు జారడం |

## యాంటీడిప్రెసెంట్లు: అలవాటైన దారి, ఇక్కడ కాదు

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఒక్సెటిన్, వెన్లాఫాక్సిన్. మామూలు డిప్రెషన్‌లో లక్షల మందిని నిలబెట్టిన మందులివి. వీటిని తిట్టడం మా ఉద్దేశం కాదు. కానీ 2013లో అంతర్జాతీయ బైపోలార్ సొసైటీ నిపుణుల బృందం మిక్స్‌డ్ లక్షణాలున్నప్పుడు వీటిని వాడకపోవడమే మంచిదని చెప్పింది. అమెరికాలో జరిగిన స్టెప్-బీడీ అధ్యయనం 2007 ఫలితాల్లో, బైపోలార్ డిప్రెషన్ ఉన్న 366 మందిలో మూడ్ స్టెబిలైజర్‌తో (మూడ్‌ను నిలకడగా ఉంచే మందుతో) పాటు యాంటీడిప్రెసెంట్ ఇచ్చినవారిలో 23.5 శాతం మంది నిలకడగా కోలుకున్నారు. దాని బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 27.3 శాతం. ఆ అధ్యయనంలోనే డిప్రెషన్‌తో పాటు మేనియా ఛాయలు ఉన్నవారిని విడిగా చూస్తే, మాత్ర వల్ల కోలుకోవడం వేగం కాలేదు సరికదా మూడు నెలల తర్వాత మేనియా లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

ఎక్కువమంది పాఠకులు ఇప్పటికే ఒక యాంటీడిప్రెసెంట్ మీద ఉండి ఉంటారు. మాత్ర మొదలుపెట్టాకే అలజడి మొదలైందా, అంతకుముందే ఉందా? తేదీలు రాసి చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. మాత్ర తర్వాతే మొదలైతే తగ్గించి ఆపడమే మొదటి చికిత్స. రాత్రికి రాత్రి మానేయడం మాత్రం వద్దు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు ఝల్లుమనడం, చిరాకు వస్తాయి. వాటిని చూసి రోగం పెరిగిందనుకునే ప్రమాదం ఉంది. ఫ్లూఒక్సెటిన్ సంగతి దీనికి తలకిందులు. మానేశాక కూడా దాని అవశేషం వారాల తరబడి రక్తంలో ఉంటుంది. "ఆపేశాం, అయినా తగ్గలేదే" అని వారానికే నిర్ణయానికి రాకండి.

24 ఏళ్లలోపు వారికి ఏ యాంటీడిప్రెసెంట్ మొదలుపెట్టినా మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007 నుంచి ప్యాకెట్ మీదే హెచ్చరిస్తోంది. మిక్స్‌డ్ ఛాయలున్న కుర్రవాళ్లలో ఈ హెచ్చరికను రెండింతలు పట్టించుకోవాలి.

## లురాసిడోన్

యూనిపోలార్ మిక్స్‌డ్ డిప్రెషన్‌కు ప్రత్యేకంగా పరీక్షించిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ముందున్నది ఇదే. 2016లో వెలువడిన ట్రయల్‌లో 209 మందిలో సుమారు సగం మందికి ఆరు వారాలు రోజుకు 20–60 మి.గ్రా., మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవారిలో గుణం కనిపించింది 65 శాతం మందికి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 30 శాతానికే. సైకియాట్రీ ట్రయళ్లలో ఇంత తేడా తరచుగా కనిపించదు. ఒక్క ట్రయల్ ఒక్క ట్రయలే అన్నదీ నిజం.

దీంతో వచ్చే పెద్ద తప్పు వంటింట్లో జరుగుతుంది. ఈ మాత్ర కనీసం 350 కేలరీల ఆహారంతో పడాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంట్లోకి చేరేది సగమే. రెండు ఇడ్లీలు, గ్లాసు మజ్జిగ సరిపోవు. కంచం నిండా పప్పన్నమో, మూడు చపాతీలూ కూరా తిని, పెరుగన్నంతో ముగిస్తే సరిపోతుంది. ఆకలి చచ్చి రాత్రిపూట రెండు అరటిపళ్లతో సరిపెట్టే మనిషికి ఇది రాస్తే మందు విఫలమైనట్టు కనిపిస్తుంది. నిజానికి మందు లోపలికే వెళ్లలేదు. సోమవారాలో, శనివారాలో ఒంటిపూట ఉండే అలవాటుంటే తినే పూటకే మాత్రను మార్చుకోవాలి.

క్షయకు వాడే రిఫాంపిసిన్ దీన్ని రక్తంలో దాదాపు లేకుండా చేస్తుంది. క్లారిత్రోమైసిన్, కీటోకొనజోల్ దీన్ని ప్రమాదకరంగా పెంచుతాయి. ఇవేవీ కలిపి వాడకూడదు.

బరువు, షుగర్ మీద ప్రభావం తక్కువ. అకతీసియా రావచ్చు. వస్తే డోసు తగ్గించడం, లేదంటే ప్రొప్రనలోల్ చేర్చడం చేస్తారు (ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనలోల్ పనికిరాదు, ముందే చెప్పాలి).

## క్వెటియాపిన్

నిద్ర పూర్తిగా చెడి, లోపల గుబగుబలాడేవారికి చాలామంది డాక్టర్లు మొదట అందుకునేది ఇదే. బైపోలార్ డిప్రెషన్‌లో పనిచేసే డోసు 300 మి.గ్రా.; మామూలుగా రాత్రిపూట 50, 100, 200, 300 అంటూ నాలుగు రోజుల్లో పెంచుతారు. తరచుగా జరిగే పొరపాటు 25 లేదా 50 దగ్గర ఆగిపోవడం. ఆ డోసులో అది నిద్రమాత్రే, మూడ్ మందు కాదు. ఆరు నెలలు 50 మి.గ్రా. వాడి "క్వెటియాపిన్ నాకు పడలేదు" అనేవారికి నిజానికి అది ఇవ్వనట్టే లెక్క.

పొద్దున పది దాకా మత్తు వదలదు. బస్సు, ఆటో నడిపేవారు, తెల్లవారుజామున పొలానికి వెళ్లేవారు, నైట్ షిఫ్టువాళ్లు ఇది ముందే చెప్పుకోవాలి. పక్క మీద నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, పెద్దవయసువారు పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాసి పెట్టుకుని మూడు నెలలకు మళ్లీ చూడాలి.

## ఓలాంజపిన్, కారిప్రజిన్

ఓలాంజపిన్ మంటను ఆర్పడంలో వేగమైనది. రెండు మూడు రాత్రుల్లో మనిషి నిమ్మళిస్తారు. అందుకే ఆసుపత్రిలో చేరిన తొలి వారాల్లో దాని విలువ ఎక్కువ, ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి వాడటంలో తక్కువ. ఆకలి విపరీతం చేస్తుంది. సిగరెట్, బీడీ తాగేవారిలో దీని మోతాదు రక్తంలో తగ్గుతుంది. ఆసుపత్రిలో పొగ మానేస్తే అదే డోసు ఎక్కువైపోయి మత్తుగా పడి ఉంటారు. ఫ్లూఒక్సెటిన్‌తో కలిపిన రూపం బైపోలార్-1 డిప్రెషన్‌కు 2003లోనే అమెరికాలో ఆమోదం పొందింది, కానీ మిక్స్‌డ్‌లో ఆ ఫ్లూఒక్సెటిన్ భాగం మీదే మాకు అనుమానం.

కారిప్రజిన్ 1.5–3 మి.గ్రా. బైపోలార్ డిప్రెషన్‌కు వాడతారు. మత్తు తక్కువ, బరువు పెద్దగా పెరగదు. అకతీసియా వస్తే మాత్రం ఓపిక పట్టాలి. దీని అవశేషం ఒంట్లో వారాల తరబడి ఉంటుంది కాబట్టి ఆపిన మర్నాడే తగ్గదు.

## లిథియం

పాత మందు, చవక మందు, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. అలజడిని దించడంలో వాల్ప్రోయేట్, ఓలాంజపిన్‌లంత వేగం లేదు. మేనియాలో దిగులు కలిసి ఉన్నప్పుడు వాల్ప్రోయేట్ కంటే తక్కువగా పనిచేస్తుందని 1990ల ట్రయళ్లు చూపాయి. అయినా దీన్ని పక్కన పెట్టలేకపోవడానికి కారణం ఒకటే: దీర్ఘకాలంలో ఆత్మహత్యలను తగ్గించే విషయంలో ఇంత సాక్ష్యం ఉన్న మూడ్ మందు ఇంకోటి లేదు. గతంలో ప్రయత్నం చేసినవారికి, ఇంట్లో ఎవరికైనా లిథియం బాగా పడినవారికి మేము ముందు దీని గురించే అడగమంటాం.

దీని వాడకం పద్ధతి తెలిసినవారికే. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్, కాల్షియం. డోసు మార్చిన 5–7 రోజులకు రక్తంలో స్థాయి. తర్వాత కుదురుకున్నాక ఆరు నెలలకోసారి ఇవన్నీ. పరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు చేయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చి, ఆ తర్వాతే ఉదయం మాత్ర. మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్తే అంకె ఎక్కువ చూపి అనవసరంగా డోసు తగ్గిస్తారు. ఇంకో చిన్న సంగతి: ఆకుపచ్చ మూత ఉన్న గొట్టాల్లో కొన్నింటిలో లిథియం హెపారినే ఉంటుంది. అందులో రక్తం తీస్తే గొట్టంలోని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది. "లిథియం పరీక్షకండీ, ఎర్ర మూత గొట్టం" అని ఒక మాట చెప్పడంలో తప్పులేదు. మామూలుగా 0.6–0.8 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమే.

ఎండలు ఇక్కడ పెద్ద విషయం. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో చెమట ధారగా కారే మనిషికి నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియాన్ని పట్టుకుని కూర్చుంటుంది, స్థాయి పెరుగుతుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. ఆ రోజు మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేయడం కూడా ప్రమాదమే. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, బీపీకి వాడే టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా స్థాయిని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు. చేతులు కంపించడం పెరిగి, నడక తూలి, మాట ముద్దగా వస్తుంటే మర్నాటిదాకా ఆగకండి, ఎమర్జెన్సీకే.

## వాల్ప్రోయేట్, లామోట్రిజిన్

వాల్ప్రోయేట్ కోపాన్ని, ఉద్రిక్తతను త్వరగా దించుతుంది, దిగులును ఎత్తడంలో బలహీనం. రక్తంలో స్థాయి 50–125 మధ్య చూస్తారు. కాలేయం, ప్లేట్‌లెట్లు గమనించాలి. జుట్టు రాలుతుంది, బరువు పెరుగుతుంది. గర్భంలో వాడితే పుట్టే ప్రతి పది మంది పిల్లల్లో సుమారు ఒకరికి అవయవ లోపాలు, పదిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల, చదువు విషయంలో ఇబ్బందులు. పెళ్లి కావాల్సిన అమ్మాయికి "ఇప్పుడేం గర్భం కాదుగా" అని రాసిన చీటీ పెళ్లయ్యాక కూడా అలాగే కొనసాగడం మనం చూస్తున్నదే. అందుకే పిల్లల్ని కనే వయసు స్త్రీలకు దీన్ని మొదటి ఎంపికగా మేము సూచించం.

లామోట్రిజిన్ ఇప్పటి మంటకు నీళ్లు కాదు. మళ్లీ మళ్లీ డిప్రెషన్‌లోకి జారే బైపోలార్ వారికి అడ్డుకట్ట. రెండు వారాలు 25 మి.గ్రా., రెండు వారాలు 50, ఒక వారం 100, ఆ తర్వాత 200. తొందరపడితే చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ భయం. వాల్ప్రోయేట్ తోడుంటే రక్తంలో లామోట్రిజిన్ రెట్టింపవుతుంది కాబట్టి సగం డోసుతో, మొదట్లో రోజు విడిచి రోజు 25తో మొదలుపెడతారు. ఊరెళ్లి ఐదారు రోజులు మాత్రలు మరిచిపోతే పాత డోసు దగ్గర మళ్లీ అందుకోకూడదు, 25 నుంచే ఎక్కాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దీన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి.

## ఈసీటీ

సినిమాల పుణ్యమా అని దీని పేరు చెబితేనే ఇంటిల్లిపాదీ బెదురుతారు. మిక్స్‌డ్ స్థితిలో అలజడినీ దిగులునూ ఒకేసారి దించగల చికిత్సల్లో ఇంత నమ్మకమైనది మరొకటి లేదు. వారానికి రెండు మూడు చొప్పున మొత్తం 6–12 సార్లు. 2017 చట్టం ప్రకారం మత్తుమందు, కండరాలు వదులుచేసే మందు లేకుండా ఇవ్వడం నిషేధం. తాజా సంగతులు కొన్ని వారాల పాటు మరుపున పడవచ్చు. పరీక్షలు దగ్గర్లో ఉన్న విద్యార్థి ఇది లెక్కలోకి తీసుకోవాలి. కరెంటుతో కొద్ది క్షణాల మూర్ఛ తెప్పించడమే ఈ చికిత్స; వాల్ప్రోయేట్ వాడుతుంటే ఆ మూర్ఛ సరిగా రాదు, లిథియం ఎక్కువుంటే గందరగోళం వస్తుంది. రెండింటినీ ముందుగా సర్దుతారు. తిండీ నీళ్లూ మానేసినవారికి, ప్రమాదం ముంచుకొచ్చినవారికి దీన్ని ఆఖరి అస్త్రంగా దాచడం మాకు అర్థం కాదు.

అలజడిని తాత్కాలికంగా అణిచే క్లోనజెపామ్, లోరజెపామ్ ఎంపికలు కావు, ఊతకర్రలు. అసలు మందు అందుకునేదాకా రెండు మూడు వారాలు వాడి తగ్గించుకోవాలి.

## మీరు ఎవరు?

ఎన్నడూ మేనియా రాని, ఇప్పుడు డిప్రెషన్‌తో పాటు అలజడి ఉన్నవారైతే లురాసిడోన్ గురించి ముందు అడగండి. భోజనం సరిగా పడనివారైతే, నిద్రే అసలు బాధైతే క్వెటియాపిన్.

బైపోలార్ అని తేలినవారికి ఒక్క మందుతో సరిపోవడం అరుదు. ఇప్పటికి క్వెటియాపిన్ లేదా లురాసిడోన్, ముందు ముందుకు లిథియం. ఈ జంటే చాలామందికి నడుస్తుంది.

షుగర్, ఊబకాయం ఉంటే లురాసిడోన్, కారిప్రజిన్, లిథియం వైపు చూడాలి. కిడ్నీ బలహీనమైతే లిథియం వదిలేయాలి. అరవై దాటి బీపీ మాత్రలు వేసుకునేవారికి లిథియం అసాధ్యం కాదు కానీ తక్కువ డోసు, దగ్గర దగ్గర పరీక్షలు. క్వెటియాపిన్ అయితే రాత్రి బాత్రూమ్ దారిలో లైటు వేసి ఉంచాలి.

గర్భం ఆలోచన ఉన్న స్త్రీలకు వాల్ప్రోయేట్ వద్దు. లామోట్రిజిన్, క్వెటియాపిన్ లాంటివాటితో ముందే కుదుటపడి, తర్వాత గర్భం దాల్చడం మేలు. నెల తప్పిందని తెలియగానే అన్నీ మానేయడం అన్నింటికంటే చెడ్డ ఎంపిక. ఆ వారమే డాక్టరును కలవాలి.

## చీటీతో పాటు తీసుకెళ్లాల్సిన కాగితం

నోటుబుక్కులో మూడు గీతలు గీసి రోజూ మూడు అంకెలు వేయండి: దిగులు పదికి ఎంత, అలజడి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు. దిగులు, అలజడి విడివిడిగా ఉండాలి. "ఎలా ఉంది" అని ఒకే అంకె వేస్తే ఈ జబ్బులో ఏమీ తెలియదు. రోగి వేసిన అంకె పక్కన ఇంట్లోవాళ్లు తమకు కనిపించిన అంకె కూడా వేయాలి, ఎందుకంటే అలజడిని రోగి తక్కువ చేసి, దిగులును ఇంట్లోవాళ్లు తక్కువ చేసి చూస్తారు. మందు మొదలైన, మారిన తేదీల దగ్గర గుండ్రంగా చుట్టండి.

పని సాగుతున్న మందులో మొదట అలజడి అంకె దిగుతుంది, నిద్ర పెరుగుతుంది. దిగులు వారమో రెండు వారాలో వెనకగా వస్తుంది. దిగులు తగ్గలేదని పదో రోజునే మందు మార్చమని పట్టుబట్టకండి. దిగులు అంకె దిగుతూ అలజడి ఎక్కుతూ, నిద్ర నాలుగు గంటలకు పడిపోతే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయాలి.